విశాఖ రైతుకు నేల, నీటి సంరక్షణ పథకాలు, ప్రభుత్వ రుణాలు: వెతకడం నుంచి మంజూరు వరకు సమగ్ర మార్గదర్శి

డ్రిప్పుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, పంట రుణం ఎంత వస్తుంది, పొలంలో నీటి కుంట తవ్వించాలంటే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వైపు రైతుల నుంచి, పట్నంలో ఉద్యోగం చేస్తూ ఊళ్లో తల్లిదండ్రుల పొలం చూసుకునే పిల్లల నుంచి తరచుగా వస్తున్నాయి. ఆ ప్రశ్నలకు వరుసక్రమంలో చెప్పే జవాబు ఇది.

చాలామంది పథకాల జాబితాతో మొదలుపెట్టి, ఆ తర్వాత కాగితాల కోసం కాళ్లరిగేలా తిరుగుతారు. ఆ వరుసను తిరగేయాలన్నదే నా సలహా. భూమి రికార్డు ముందు సరిగా ఉంటే పథకం దొరకడం పెద్ద పని కాదు. రికార్డులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, చేతికందిన పథకం కూడా జారిపోతుంది.

1. మీ పొలం ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోండి

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడు జిల్లాలుగా మారింది. మీ పాస్‌పుస్తకంలో విశాఖపట్నం జిల్లా అని ఉన్నా, చోడవరం, సబ్బవరం, యలమంచిలి, నర్సీపట్నం ప్రాంతాల రైతుల దరఖాస్తులు అనకాపల్లి జిల్లా కార్యాలయాలకు, పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాలవి అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్తాయి. విశాఖ కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీని అక్కడికి పంపించేసరికి సీజను దాటిపోతుంది.

ఊరు పంచాయతీలో ఉందా, జీవీఎంసీలో కలిసిందా అన్నది రెండో ప్రశ్న. ఉపాధి హామీ పనులు గ్రామ పంచాయతీలకే వర్తిస్తాయి కాబట్టి, నగరపాలక సంస్థలో కలిసిన ఊళ్లలో ఆ పథకం కింద కుంటలు, తోటలు రావు. అలాంటి చోట ఉద్యాన శాఖ రాయితీలు, సూక్ష్మ సేద్యం, బ్యాంకు రుణం అనే మూడు దారుల మీదే ఆధారపడాలి.

ఏజెన్సీ మండలాల్లో, గిరిజనేతరులకు భూమి బదిలీని అడ్డుకునే 1/70 చట్టం వల్ల భూమి హక్కు, తాకట్టు నిబంధనలు వేరుగా ఉంటాయి. అటవీ హక్కు పత్రం ఉన్న గిరిజన రైతులు పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి మొదలుపెట్టాలి. ఈ వ్యాసం ప్రధానంగా మైదాన ప్రాంత రైతు కోసం రాసినది.

2. పథకం పేరు కాదు, పని పేరు రాసుకోండి

పథకాల పేర్లు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. నిన్నటి రైతు భరోసా కేంద్రమే ఇవాళ రైతు సేవా కేంద్రం. పేరు పట్టుకుని అడిగితే "అది ఇప్పుడు లేదు" అన్న జవాబు వస్తుంది, పని చెప్పి అడిగితే ఆ పనికి ఈ ఏడాది ఉన్న దారి ఏదో చెప్తారు. అందుకే ఒక తెల్లకాగితం మీద మీ పొలానికి ఉన్న ఇబ్బందిని, కావలసిన పనిని రాసుకోండి.

- మార్చి దాటితే బోరు నీరు చాలడం లేదు: బిందు సేద్యం లేదా తుంపర సేద్యం. రైతు సేవా కేంద్రం ద్వారా రాష్ట్ర సూక్ష్మ సేద్య ప్రాజెక్టు, అంటే ఏపీఎంఐపీ.
- గరువు మీద పడిన వాన మట్టిని కోసుకుని గెడ్డలోకి పోతోంది: కందకాలు, రాతికట్టలు, నీటి కుంట. మండల పరిషత్తు కార్యాలయంలోని ఉపాధి హామీ విభాగం, జిల్లా స్థాయిలో డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ).
- మెట్ట భూమి బీడుగా ఉంది: మామిడి, జీడి, కొబ్బరి, సపోటా తోట. ఉపాధి హామీ లేదా ఉద్యాన శాఖ.
- ఎరువుల ఖర్చు పెరిగి దిగుబడి పెరగడం లేదు: భూసార పరీక్ష, ప్రకృతి సేద్యం. రైతు సేవా కేంద్రం, రైతు సాధికార సంస్థ సిబ్బంది.
- పంట పెట్టుబడి కావాలి: కిసాన్ క్రెడిట్ కార్డు. మీ ఊరికి సేవలందించే బ్యాంకు శాఖ లేదా సహకార సొసైటీ.
- గోదాము, శీతల గది, జీడిపప్పు లేదా కొబ్బరి శుద్ధి యూనిట్ కావాలి: వ్యవసాయ మౌలిక వసతుల నిధి, ఆహార శుద్ధి రాయితీ.

ఒకేసారి నాలుగు పనులు రాసుకున్నా ఫరవాలేదు గానీ, ఒక సీజనులో ఒక సంరక్షణ పని, ఒక రుణం మించి నెత్తిన పెట్టుకోకండి. తనిఖీకి వచ్చే అధికారులు, అడిగే కాగితాలు, మీరు ముందుగా కట్టవలసిన వాటా అన్నీ ఒకే నెలలో మీద పడితే ఏదీ పూర్తి కాదు.

3. భూమి రికార్డును ఒక్కొక్క గడిగా చదవండి

దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. మీభూమి వెబ్‌సైటులో 1బి (మీ ఖాతాలోని భూముల వివరం), అడంగల్ (ఏ నంబరులో ఎవరు ఏ పంట సాగు చేస్తున్నారన్న రికార్డు) రెండూ తీసి అచ్చు వేయించుకోండి. ఇంట్లో కుదరకపోతే మీసేవలో తీసుకోవచ్చు.

1బిలో ఖాతా నంబరు, పట్టాదారు పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి ఎలా సంక్రమించిందన్న వివరం వరుసగా ఉంటాయి. విస్తీర్ణం గడిలో 1.4500 అని ఉంటే ఎకరా 45 సెంట్లు అని అర్థం. ఈ అంకెను పాస్‌పుస్తకంతోను, దస్తావేజుతోను పోల్చండి. మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, డ్రిప్పు సామగ్రి లెక్కకు, రుణ పరిమితికి అధికారులు తక్కువ అంకెనే పట్టుకుంటారు.

ఆధార్‌లో "అప్పలనాయుడు" అని, 1బిలో "అప్పల స్వామినాయుడు" అని ఉండటం మన ఉత్తరాంధ్రలో సర్వసాధారణం. ఊళ్లో అందరికీ అది ఒకే మనిషని తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఆధార్, 1బి, బ్యాంకు పాస్‌పుస్తకం మూడింటిలో పేరు ఒకేలా ఉండేటట్టు చూసుకోండి. సాధారణంగా బ్యాంకు పేరును ఆధార్ ప్రకారం మార్పించడం తేలిక, 1బిలో పేరు సవరణకు మీసేవ ద్వారా తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలి.

*రీసర్వే జరిగిన ఊళ్లలో.* పాత సర్వే నంబరు స్థానంలో, మళ్లీ కొలిచిన భూమి ముక్కకు ఇచ్చే ఎల్‌పీఎం నంబరు వస్తుంది. మీ పాత పంట రుణం బ్యాంకు పుస్తకాల్లో పాత సర్వే నంబరు మీద ఉంటుంది, కొత్త 1బిలో ఆ నంబరే కనిపించదు. పాత నంబరుకు ఏ ఎల్‌పీఎం నంబరు వచ్చిందో గ్రామ సర్వేయరు చేత రాయించుకుని, ఆ కాగితాన్ని రెన్యువల్‌కు వెళ్లేటప్పుడు వెంట ఉంచుకోండి. అన్నదమ్ముల భూమి ఉమ్మడి ఎల్‌పీఎంగా పడితే, విడగొట్టమని దరఖాస్తు పెట్టి సబ్‌డివిజన్ చేయించుకోనంత వరకు ఒక్కరి సంతకంతో రుణం రావడం కష్టం.

*భూమి ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే.* తండ్రి కాలం చేసి చాలా ఏళ్లయినా వారసత్వ మార్పిడి చేయించుకోని కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసులందరి అంగీకారంతో మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టండి. ఆడపడుచుల సంతకాలు తర్వాత చూసుకుందామని వదిలేస్తే, ఫైలు వీఆర్వో విచారణ దగ్గరే నిలిచిపోతుంది. వారికీ ఆ భూమిలో హక్కుంది, ముందే కూర్చుని మాట్లాడుకోవడం మర్యాద కూడా.

*డి-పట్టా భూమి అయితే.* ప్రభుత్వం పేదలకు పంచిన ఇలాంటి అసైన్డ్ భూమిని అమ్మడంపై 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టినా, సహకార సంఘాలకు, బ్యాంకులకు తాకట్టు పెట్టి వ్యవసాయ రుణం తీసుకోవడానికి అందులోనే వెసులుబాటు ఉంది. "డి-ఫారం పట్టాకు అప్పు ఇవ్వం" అని కౌంటరు దగ్గర అంటే, ఆ మాట కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి.

*నిషేధిత జాబితా.* రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో మీ సర్వే నంబరు, రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఎ జాబితాలో ఉందేమో చూసుకోండి. సింహాచలం పంచగ్రామాల వంటి చోట్ల దేవస్థానంతో వివాదంలో ఉన్న భూములపై బ్యాంకులు తాకట్టు తీసుకోవు. పొరపాటున జాబితాలోకి ఎక్కిన జిరాయితీ (సొంత పట్టా) భూమి అయితే, తొలగింపు కోసం పాత రికార్డులతో కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. అది నెలల పని కాబట్టి రుణం అవసరం రాకముందే మొదలుపెట్టండి.

విశాఖ చుట్టూ ఇంకో చిక్కు ఉంది. లే-అవుట్ వేద్దామనుకుని ఒకప్పుడు వ్యవసాయేతర భూమిగా మార్పించి, అది కుదరక మళ్లీ దున్నుకుంటున్న పొలాలు ఉన్నాయి. పొలంలో వరి కనబడుతున్నా రికార్డులో అది సాగుభూమి కాదు కాబట్టి, వ్యవసాయ పథకాలేవీ దానికి వర్తించవు.

4. కాగితాల సంచి

ఒకే సంచిలో, ఒక్కొక్కటి రెండేసి ప్రతులుగా పెట్టుకోవలసినవి:

- [ ] ఆధార్, దానికి లింకైన ఫోను నంబరు వాడుకలో ఉండాలి. ఓటీపీ పట్నంలో ఉన్న అబ్బాయి ఫోనుకు వెళ్లేటట్టు ఉంటే దరఖాస్తు రోజున అబ్బాయి ఫోను ఎత్తాలి.
- [ ] తాజా 1బి, అడంగల్, పట్టాదారు పాస్‌పుస్తకం
- [ ] రైతు రిజిస్ట్రీలో వచ్చిన విశిష్ట సంఖ్య
- [ ] బ్యాంకు పాస్‌పుస్తకం మొదటి పేజీ. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా విలీనమయ్యాయి. వాటిలో ఒకటైన ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) ఖాతాదారులు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారిందేమో శాఖలో అడిగి సరిచూసుకోవాలి.
- [ ] గత సీజను ఈ-పంట (పొలంలో వేసిన పంటను ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం) నమోదు రశీదు
- [ ] సన్న, చిన్నకారు రైతు ధ్రువపత్రం, వర్తిస్తే కుల ధ్రువపత్రం
- [ ] ఉపాధి హామీ పనికైతే జాబ్ కార్డు
- [ ] కరెంటు మోటారు సర్వీసు నంబరు, బోరు ఉంటే దాని వివరాలు
- [ ] రెండు లక్షలు దాటిన రుణానికైతే ఈసీ (భూమిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు దస్తావేజులు

5. రైతు సేవా కేంద్రంలో ఎలా అడగాలి

గ్రామ వ్యవసాయ సహాయకుడు లేదా ఉద్యాన సహాయకురాలు మీకు మొదటి మెట్టు. విత్తనాల పంపిణీ, ధాన్యం కొనుగోలు రోజుల్లో వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆ హడావుడి లేని రోజు చూసుకుని వెళ్లి, ముందుగా ఈ-పంట నమోదు సరిగా ఉందో లేదో తెరిచి చూపించమనండి.

ఈ-పంట ఎందుకంత ముఖ్యమంటే, బీమా, పంట నష్ట పరిహారం, ధాన్యం అమ్మకం అన్నీ దాని మీదే నడుస్తాయి. పొలంలో మల్లె, లిల్లీ వేసి నమోదులో వరి అని ఉంటే, పూలతోటకు నష్టం జరిగినప్పుడు మీరు అడగడానికి ఆధారమే ఉండదు. నమోదు అయ్యాక ఈ-కేవైసీ వేలిముద్ర వేయకపోతే అది పూర్తికానట్టే లెక్క.

ఆ తర్వాత మీ తెల్లకాగితం తీసి ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. ఈ పనికి ఈ ఆర్థిక సంవత్సరంలో మన మండలానికి లక్ష్యం కేటాయించారా?
2. రాయితీ ఎంత శాతం, నా వాటా ఎంత, అది ఎప్పుడు కట్టాలి?
3. రాయితీ డబ్బు నా ఖాతాలో పడుతుందా, కంపెనీకి వెళ్తుందా?
4. దరఖాస్తు నంబరు ఏది, తర్వాతి తనిఖీ ఎవరు చేస్తారు?

నాలుగో ప్రశ్నకు జవాబు రాకుండా ఇంటికి రావద్దు. నంబరు లేని దరఖాస్తు పెట్టనట్టే లెక్క.

6. నేల, నీటి సంరక్షణ పనులు

*బిందు సేద్యం.* కేంద్ర నిబంధన ప్రకారం సూక్ష్మ సేద్యానికి సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగిలినవారికి 45 శాతం రాయితీ. మన రాష్ట్రం దాని మీద తన వంతు కలుపుతుంది కాబట్టి చిన్న కమతాల వారు కట్టవలసిన వాటా బాగా తగ్గుతుంది. ఒకసారి రాయితీ తీసుకున్న భూమికి మళ్లీ ఏడేళ్ల తర్వాతే అర్హత వస్తుంది. ఒక రైతుకు గరిష్ఠంగా ఐదు హెక్టార్ల వరకే ఇస్తారు.

వరుస ఇలా ఉంటుంది: రైతు సేవా కేంద్రంలో నమోదు, పొలం కొలత, మీరు ఎంచుకున్న కంపెనీ డిజైను, అంచనా, మీ వాటా చెల్లింపు, మంజూరు ఉత్తర్వు, బిగింపు, నీళ్లు వదిలి చూపించడం, జియోట్యాగ్ ఫొటోతో తనిఖీ.

కొలత రోజున మీరు పొలంలో ఉండాలి. బోరు నుంచి పొలం చివరకు ఎంత దూరం, ఎగుడు ఎటు, దిగుడు ఎటు అన్నది మీరు చూపించకపోతే ప్రధాన పైపు పొట్టిగా పడుతుంది, చివరి వరుసల్లో చుక్కలు పడవు. బిగించిన రోజు చివరి లేటరల్ (మొక్కల వరుస వెంట వేసే సన్న పైపు) దగ్గర నిలబడి, నీరు సమానంగా వస్తోందని చూసుకున్న తర్వాతే పూర్తయినట్టు సంతకం పెట్టండి. ఫిల్టరు కడగడం, మందు వదిలే ట్యాంకు వాడటం ఆ రోజే నేర్చుకోండి. సంతకం అయ్యాక వాళ్లను మళ్లీ రప్పించడం మాటలు కాదు.

*నీటి కుంట, కందకాలు, తోట.* ఉపాధి హామీలో సొంత భూమిలో పనికి జాబ్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు అర్హులు. వచ్చే ఏడాది పనుల జాబితా అక్టోబరు 2 గ్రామసభల నుంచి తయారవడం మొదలవుతుంది. ఏప్రిల్‌లో వెళ్లి కుంట కావాలని అడిగేవారికి "జాబితాలో లేదు" అన్న జవాబు రావడానికి అసలు కారణం ఇదే. గ్రామసభలో నోటితో చెప్పి ఊరుకోకుండా, సర్వే నంబరుతో అర్జీ రాసిచ్చి, తీర్మానంలో మీ పేరు చేరిందో లేదో చూసుకోండి.

కుంటకు చోటు ఎంచుకునేటప్పుడు పొలంలో పనికిరాని మూలను చూపించడం అందరూ చేసే పొరపాటు. వాన నీరు సహజంగా చేరే పల్లపు వైపు, నీరు వచ్చే దారిలో పూడిక ఆగేందుకు చిన్న గుంతతో కుంట ఉండాలి. భీమిలి వైపు ఎర్రమట్టి, ఇసుక నేలల్లో నీరు నిలవదు కనుక అడుగున బంకమట్టి పొర గాని, ప్లాస్టిక్ పట్టా గాని వేయకపోతే అది నెలలో ఎండిపోతుంది. అలాంటి నేలలో కుంట కన్నా వాలుకు అడ్డంగా తవ్విన కందకాలు, వాటి గట్ల మీద జీడి మొక్కలు మేలని నా అభిప్రాయం.

*వాటర్‌షెడ్.* దీనికి ఒక్క రైతు దరఖాస్తు పనిచేయదు. కొండ పైనుంచి గెడ్డ దాకా మొత్తం పరీవాహక ప్రాంతాన్ని ఎంపిక చేసి పనులు చేస్తారు. మీ ఊరు ఎంపికైందో లేదో డ్వామాలో తెలుసుకోండి. ఎంపికైతే వాటర్‌షెడ్ కమిటీ సమావేశానికి తప్పక వెళ్లండి, ఎందుకంటే చెక్‌డ్యాం ఎక్కడ వస్తుందన్నది అక్కడే తేలుతుంది.

*బోరు వేయాలంటే.* 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని బోరుకు బ్యాంకు రుణం గాని, కరెంటు కనెక్షను గాని అడగడం కష్టమవుతుంది.

*భూసార పరీక్ష.* పంట కోశాక, ఎరువు వేయకముందు నమూనా తీయాలి. పొలంలో అడ్డదిడ్డంగా ఎనిమిది, పది చోట్ల పైచెత్త తీసేసి, "వి" ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, ఆ గోడ నుంచి పైనుంచి కిందికి పలచగా మట్టి చెక్కండి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. గట్ల పక్క, చెట్ల కింద, పేడకుప్ప ఉన్న చోట తీయకూడదు. తోటలకైతే ఇంకా లోతు నుంచి, పొరలవారీగా తీయాలి.

*ప్రకృతి సేద్యం.* రాష్ట్రంలో ఈ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడుపుతోంది. కేంద్రం 2024 నవంబరులో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌ను ఆమోదించింది. మొదటి ఏడాదే పొలమంతా మార్చేయకుండా, మే నెలలో అర ఎకరంలో నవధాన్యాలు చల్లి మొదలుపెట్టడం సురక్షితం. సేంద్రియ ధ్రువీకరణ కావాలనుకునేవారు పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద ఏర్పడే రైతు బృందంలో చేరాలి. అందులో మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయల సాయం ఉంటే, ఎరువులు, కషాయాల కోసం నేరుగా రైతు ఖాతాకు వచ్చేది 15,000.

7. పంట రుణం: కిసాన్ క్రెడిట్ కార్డు

రుణ పరిమితి మేనేజరు ఇష్టం మీద ఆధారపడదు. ప్రతి పంటకు ఎకరాకు ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. దాన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. బ్యాంకుకు వెళ్లేముందు మీ పంటకు ఆ ఏడాది అంకె ఎంతో సొసైటీలో గాని, వ్యవసాయాధికారి దగ్గర గాని తెలుసుకోండి.

లెక్క చూద్దాం. ఎకరాకు 40,000 అనుకుంటే, రెండెకరాలకు 80,000. ఇంటి ఖర్చులు, కోత తర్వాతి ఖర్చులకు 10 శాతం, అంటే 8,000. పనిముట్ల మరమ్మతులకు 20 శాతం, అంటే 16,000. మొత్తం 1,04,000, దానికి బీమా ప్రీమియం అదనం. కార్డు ఐదేళ్లు చెల్లుతుంది, ఏటా పరిమితి 10 శాతం చొప్పున పెంచాలి. చాలా శాఖల్లో మొదటి అంకెతోనే సరిపెడతారు. 10, 20 శాతాల సంగతి మీరు ఎత్తకపోతే వాళ్లు ఎత్తరు.

మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయలకు ఏడాదికి 7,000 బదులు 4,000. గడువు దాటితే ఆ 3,000 పోవడమే కాక, బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది. బంగారం మీద తీసుకున్న వ్యవసాయ అప్పు కార్డు ఖాతా ద్వారా కాకపోతే ఈ తగ్గింపు వర్తించదని గుర్తుంచుకోండి.

2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు భూమి తాకట్టు అక్కరలేదు, పంటే హామీ. అంతకుముందు ఈ పరిమితి 1.60 లక్షలు. గ్రామీణ ప్రాంతాల్లో వ్యక్తిగత రుణగ్రహీతల నుంచి ఇతర బ్యాంకుల "బాకీ లేదు" పత్రాలు అడగనక్కరలేదని రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు చెప్పింది. ఊళ్లోని అన్ని శాఖల చుట్టూ తిప్పితే ఈ మాట గుర్తు చేయండి.

అడుగుల వరుస:

1. ఒక్క పేజీ దరఖాస్తు నింపి, 1బి, ఆధార్, పంట వివరాలతో ఇవ్వండి. జన్‌సమర్థ్ పోర్టల్‌లో కూడా పెట్టవచ్చు.
2. అందినట్టు తేదీతో రశీదు తీసుకోండి. ప్రాధాన్య రంగ రుణ దరఖాస్తులకు రశీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత.
3. పూర్తి దరఖాస్తు అందిన 14 రోజుల్లో కార్డు ఇవ్వాలన్నది కేంద్రం ఆదేశం. పదిహేనో రోజున వెళ్లి అడగండి.
4. మంజూరు పత్రంలో పరిమితి, వడ్డీ, కట్టవలసిన తేదీ చదివి, ఆ తేదీని గోడ క్యాలెండరు మీద రాయండి.
5. పంట బీమా కావాలో వద్దో రాతపూర్వకంగా చెప్పండి. వద్దనుకుంటే గడువుకు ఏడు రోజుల ముందు చెప్పాలి. ప్రీమియంలో రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలకు 2, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం వరకు ఉంటుంది.

పాత అప్పు తీర్చేశాక ఇంకో పని మిగిలి ఉంటుంది. బ్యాంకు మీ భూమి మీద, ప్రభుత్వ భూ రికార్డుల వ్యవస్థ అయిన వెబ్‌ల్యాండులో నమోదు చేసిన రుణ ఛార్జీని తొలగించాలి. తొలగించకపోతే, వేరే బ్యాంకులో కొత్త రుణానికి వెళ్లినప్పుడు ఆ పొలం ఇంకా తాకట్టులోనే కనిపిస్తుంది. డబ్బు కట్టిన రశీదుతో పాటు ఛార్జీ తొలగింపును కూడా అడిగి, వారం తర్వాత చూసుకోండి.

ఆవులు, గేదెలు, చేపలు, రొయ్యల పెంపకానికి కూడా కార్డు ఉంది. ఆ రుణంలో రెండు లక్షల వరకు వడ్డీ రాయితీ వర్తిస్తుంది.

8. కౌలు రైతు దారి

2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలు చెల్లుతుంది. దానికి భూ యజమాని సంతకం కావాలి, చిక్కంతా అక్కడే. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయపడతాడు. ఆ కార్డు పంటపై హక్కు ఇస్తుందే తప్ప భూమిపై ఎలాంటి హక్కూ ఇవ్వదని, వీఆర్వో సమక్షంలో చెప్పిస్తే చాలాసార్లు మెత్తబడతారు.

అదే భూమి మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, కౌలుదారుకు రెండోసారి ఇవ్వరు. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి తేల్చుకోండి.

కార్డు ఏ విధంగానూ కుదరకపోతే, నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి పూచీ బృందంగా ఏర్పడి రుణం అడగవచ్చు. ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే, ఆ సంఘం రుణం వ్యవసాయానికి వాడుకోవడం ఇంకో దారి.

9. పెద్ద పెట్టుబడి కావాలంటే

వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద గోదాము, ప్యాకింగ్ షెడ్డు, శీతల గది వంటి వాటికి రెండు కోట్ల వరకు రుణంపై ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఇస్తారు. రెండూ బ్యాంకు రుణంతో ముడిపడినవే. రుణం మంజూరు కాకుండా రాయితీ ఒక్కటే రాదు. ప్రాజెక్టు నివేదిక రాసిపెడతామని ముందే డబ్బు అడిగేవారికి ఇవ్వకండి, జిల్లా ఉద్యాన, వ్యవసాయ కార్యాలయాల్లో ఆ సాయం దొరుకుతుంది.

10. ఏ నెలలో ఏ పని

- ఫిబ్రవరి, మార్చి: రికార్డుల సవరణ, పాత రుణం చెల్లింపు, రెన్యువల్.
- ఏప్రిల్, మే: భూసార నమూనా, నవధాన్యాలు, మట్టి పనులు, డ్రిప్పు నమోదు. లక్ష్యాలు కొత్తగా వచ్చే కాలం ఇదే.
- జూన్ నుంచి ఆగస్టు: ఖరీఫ్ రుణం, ఈ-పంట, మొక్కలు నాటడం.
- అక్టోబరు: గ్రామసభ అర్జీ, రబీ రుణం. మనకు తుపాన్ల కాలం కూడా ఇదే, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది. పంట బీమా ఉంటే, నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి విరుగుడు

*మంజూరు రాకముందే పని మొదలుపెట్టడం.* "ఆఫీసరు ఓకే అన్నారు" అని పైపులు కొనేస్తే, కుంట తవ్వించేస్తే రాయితీ పోయినట్టే. పనికి ముందు ఫొటో, మధ్యలో ఫొటో, తర్వాత ఫొటో ఉండాలి. ముందు ఫొటో లేని పనికి బిల్లు కాదు. ఉత్తర్వు కాగితం చేతికి వచ్చేదాకా పార తీయకండి.

*ఖాళీ కాగితాల మీద సంతకం.* డీలరు గాని, దళారి గాని అడిగితే పెట్టకండి. పెట్టేసి ఉంటే, ఆ రోజే రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా తెలియజేయండి.

*రాయితీ వేరే ఖాతాలో పడటం.* ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాకే డబ్బు వెళ్తుంది. రాలేదని అనుకునే ముందు ఏ ఖాతా లింకై ఉందో బ్యాంకులో చూపించుకోండి.

*వడ్డీ కట్టి అప్పు తిరగరాయించడం.* తెలిసినవారి దగ్గర చేబదులు తెచ్చి, కట్టి, మళ్లీ తీసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఆ చేబదులుకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ పడితే 4 శాతం రుణం వల్ల వచ్చిన లాభం అక్కడే హరించుకుపోతుంది. కోత డబ్బు వచ్చిన వెంటనే కొంత కొంతగా కార్డు ఖాతాలో వేయండి, అవసరమైతే మళ్లీ తీసుకోవచ్చు.

12. కాదన్నప్పుడు

కారణం రాతపూర్వకంగా అడగండి. కారణం రికార్డుకు సంబంధించినదైతే మూడో అడుగుకు తిరిగి వెళ్లండి. లక్ష్యాలు అయిపోయాయంటే, వచ్చే ఏడాది వరుసలో పేరుండేలా నంబరు తీసుకోండి.

బ్యాంకు వైపు అయితే ముందు శాఖ మేనేజరుకు రాతగా ఇవ్వండి, తర్వాత జిల్లాలోని బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ జిల్లా మేనేజరును కలవండి. వాణిజ్య లేదా గ్రామీణ బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపోకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448 నంబరులో వివరాలు చెప్తారు. శాఖల వైపు ఆలస్యమైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో దరఖాస్తు నంబరు, తేదీలతో అర్జీ ఇవ్వండి. సాగు సందేహాలకు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. మొదటి వరుసలో సర్వే నంబరు, రెండో వరుసలో దరఖాస్తు నంబరు, మూడో వరుసలో మీకు కావలసింది ఏమిటో ఒక్క వాక్యంలో ఉండాలి. గోడు అంతా కింద రాసుకోవచ్చు. రశీదుల జిరాక్సులే జత చేయండి, అసలువి ఇంటి సంచిలోనే ఉంచండి.